తేలిక కుందా

సారంగపాణికి తుపాకీ బరువైపోయింది.

మొన్నమొన్నటి దాకా దాన్ని భుజాన వేసుకుని, ఏదో కూనిరాగం తీసుకుంటూ గుట్టలెక్కిన మనిషి. ఇప్పుడు ఊరు దాటేలోపే ఆ భుజం నుంచి ఈ భుజానికి, ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటున్నాడు. తుపాకీ అదే. గుట్టలూ అవే. వయసు చూస్తే ఉడుకు వయసు. అయినా ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టే ఉంటోంది.

అందుకే ఆ పొద్దున, మంచు ఇంకా చెట్ల మీంచి దిగకముందే, తుపాకీతో పాటు ఓ గోనెసంచి కూడా మోసుకుంటూ దస్తగీర్ ఉస్తాద్ దగ్గరికి బయల్దేరాడు.

ఎర్రవాగు దాటితే గుట్ట మొదట్లో సున్నం రాలిపోయిన చిన్న దర్గా ఉంటుంది. దాన్ని ఆనుకుని ఓ రేకుల కొట్టు. ఉస్తాద్ ఉండేది అందులోనే. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఆయనంత షికారీ లేడు. చూపు మసకబారాక కాల్చడం మానేశాడు. పంటల్ని పాడుచేసే అడవిపందుల్ని కాల్చడానికి సర్కారు అనుమతి ఉన్నవాళ్ళు కొద్దిమంది ఉన్నారు కదా, వాళ్ళకు గురి నేర్పుతాడు, వాళ్ళ తుపాకీలకు కుందాలు చెక్కుతాడు. కుందా అంటే భుజానికి ఆనించుకునే కర్ర భాగం. మనిషి మెడ, చెయ్యి, చెంప కొలుచుకుని, చొక్కా కుట్టినట్టు ఎవరిది వాళ్ళకే చెక్కుతాడు. సారంగపాణి కుందా కూడా ఆయన చేతిదే. విద్య పూర్తయిన రోజున అక్రోటు కర్రతో చేసి ఇచ్చాడు.

ఉస్తాద్ వాకిట్లో కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"ఏంది బేటా, సంచిల కోడిపుంజును తెచ్చినవా?"

"కోడి కాదు ఉస్తాద్. కుందాలు."

"కుందాలా!" ఉస్తాద్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నేను సచ్చిపోయిన్నని ఎవడన్న చెప్పిండా నీకు?"

సారంగపాణి సిగ్గుపడుతూనే సంచి విప్పాడు. ఒకటి నల్లది, ఒకటి బూడిదరంగుది. రెండిట్లో ఎక్కడా కర్రన్నది లేదు.

"పట్నంల దుకాణపాయన నమ్మి ఇచ్చిండు. నచ్చింది ఉంచుకుని రెండోది వాపసియ్యాలె. ఈ నల్లది ఫైబర్‌ది, ఇది కార్బన్‌ది. చూడుండ్రి, చిటికెనవేలి మీద నిలవడ్తది."

చెప్తూనే ఉస్తాద్ మొహం వైపు చూశాడు. ఆయన చెక్కి ఇచ్చినదాన్ని పక్కన పెట్టి ప్లాస్టిక్‌లాంటిది తెచ్చినందుకు ఉస్తాద్ మొహం ముడుచుకుంటాడనుకున్నాడు. ముడుచుకోలేదు. కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా రెండిటినీ ఒళ్ళో పెట్టుకుని తడిమాడు.

నల్లదాన్ని వేలి కణుపుతో కొట్టి చూశాడు. డబడబమంది.

"డోలు మంచిగున్నది. పెండ్లిళ్ళకు పనికొస్తది. పొదల్ల నడుస్తుంటే ఒక్క కొమ్మ తాకిందనుకో, గుట్ట అవతలి పందులకు గూడ సలాం చెప్తది." తర్వాత దాని ముందుభాగాన్ని పిడికిట్లో పట్టి పిసికాడు. అది వంగింది. "సూశినవా? గట్టిగ పట్టుకుంటె ఇది పోయి గొట్టానికి తాకుతది. తాకిందా, గుండు దాని ఇష్టమొచ్చిన తొవ్వకు పోతది. ఇది వద్దు."

బూడిదరంగుది కొట్టాడు. దిండును కొట్టినట్టు మెత్తటి చప్పుడు. లోపలంతా నురుగులాంటిది గట్టిగా నింపి ఉంది. గొట్టం కూర్చునే చోట అల్యూమినియం దిమ్మె. వేలు పెట్టి లోపలంతా చూశాడు, ఎత్తి చెంపకు ఆనించుకున్నాడు, దించాడు.

"ఇది మంచిది."

సారంగపాణి తెల్లబోయాడు. "కర్రదాని కంటెనా ఉస్తాద్?"

"వానకు కర్ర ఉబ్బుతది. ఎండకు గుంజుకుంటది. దీనికి ఆ బాధ లేదు. నా కాలంల ఉంటె నేను గూడ కొనేటోన్ని." బూడిదరంగు కుందాను తుడుస్తూ అన్నాడు. "ఒక్కటి మాత్రం యాదుంచుకో. తేలిక తుపాకీ తన్నుతది. బరువున్న తుపాకీ సగం దెబ్బ తనే మింగుతది. బరువు తీసేస్తె ఆ దెబ్బంత నీ భుజంలకే. సరేనా?"

"సరే ఉస్తాద్."

"అయితె బిగిస్త." మరలు విప్పే పనిముట్టు చేతికి తీసుకుంటూ, చాయ్‌లో చక్కెర సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అడిగాడు. "ఎప్పటిసంది బరువైంది బేటా?"

"మక్కచేన్ల కోతలప్పటిసంది."

ఆలోచించకుండా నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక నాలుక కరుచుకున్నాడు.

"అంటె... సోంబాయి అవ్వను పొడిచిన పంది ఉన్నది గదా. అది లోయల చేరింది. ఊరు ఊరంత నన్నే పొమ్మంటున్నరు. ఆ నిటారు లోయ ఎక్కాల్నంటె తుపాకీ తేలికుంటేనే అయితది."

ఉస్తాద్ తలూపాడు. మరలు విప్పి, అక్రోటు కుందాను వేరుచేసి, నిద్రపోయిన బిడ్డను పడుకోబెట్టినట్టు ఓ పాత దుప్పటి మీద పెట్టాడు. కొత్తదాంట్లో గొట్టం కదలకుండా కూర్చోవాలంటే కింద జిగురు పొయ్యాలి. ఆ జిగురు ఆరాలి.

"రేపు పొద్దుగాల రా," అన్నాడు. తుపాకీకి ఉన్న తోలుపట్టీని విప్పి సారంగపాణి భుజం మీద వేశాడు. "ఇది ఈడుంటె జిగురంటుకుంటది. నువ్వేసుకో. పోయేటప్పుడు ఈ నూనె సీస సోంబాయికి ఇచ్చి పో. వాపుకు మంచిది."

ఉత్త పట్టీ. దానికి తుపాకీ లేదు, ఏమీ లేదు. సారంగపాణి దాన్ని అడ్డంగా వేసుకుని వాగు దాటాడు.

వాగు ఒడ్డున మేకలు కాసే ఇద్దరు ముసలివాళ్ళు చూసి నవ్వారు.

"ఏం సారంగా, తుపాకీ అమ్ముకుని పట్టీ మిగిలిచ్చుకున్నవా?"

"కాదు లేరా, పందిని ఉరేస్తడేమో!"

వేరే రోజయితే సారంగపాణి వాళ్ళను వదిలేవాడు కాదు. ఆ రోజు తల వంచుకుని వెళ్ళిపోయాడు.

సోంబాయిది వాగుకు ఇవతలి గూడెం. మట్టిగోడల ఇల్లు. లోపల చీకటి, పొగ, పసరు వాసన. ముసలామె గోడకు ఆనుకుని కాలు చాపుకుని ఉంది. తొడ నుంచి మోకాలి దాకా గుడ్డకట్టు. కట్టు పైన చర్మం ముదురు వంకాయలా నిగనిగలాడుతోంది.

"ఉస్తాద్ నూనె పంపిండు అవ్వా."

"ఆ ముసలోడు ఇంక బతికే ఉన్నడా? కూసో కొడుకా."

కూర్చున్నాడు.

"రేపు పోతాన అవ్వా, దాన్ని కొట్టనీకి. నిన్ను గింత గోస పెట్టింది గదా. ఇడిసిపెట్టను."

సోంబాయి సీసా మూత తీసి వాసన చూసింది.

"దాని మీద నాకు కోపం లేదు కొడుకా," అంది. "దానికి దవడ లేదు."

సారంగపాణి తలెత్తాడు.

"కింది దవడ వేలాడుతున్నది. పురుగులు పట్టినయ్. వాగుల నీళ్ళు తాగనీకి వచ్చింది. మూతి పెడతది, నీళ్ళు నిలుస్తలేవు, ఎత్తితె అన్ని కిందికే కారుతున్నయ్. మల్ల పెడతది. నేను కట్టెల మోపుతోని నిలబడి సూస్తాన. పాపమనిపిచ్చింది. అంతల గాలి మర్లింది, మనిషి వాసన తాకింది దానికి. ఇంకేముంది, మీదికి ఉరికొచ్చింది. మనుషుల మీద కోపం దానికి ఉత్తగనే వచ్చిందా?"

బయట ఎవరిదో కోడి అరిచి ఊరుకుంది.

"ఎవడు కొట్టిండో గని, కొట్టి ఇడిసిపెట్టి పోయిండు. వానికి ఎట్ల నిద్ర వడ్తున్నదో." కొంచెం నూనె అరచేతిలో పోసుకుని, కాలికి రాసుకోకుండా అలాగే పట్టుకుంది. "జల్ది పో కొడుకా. నా కాలు కోసం కాదు. చీకటి పడినంక అది మూలుగుతది. గాలి ఇటు కొడితె నాకు ఇనవడ్తది."

లేచి వస్తుంటే ఆమె చెయ్యి చాపి, పట్టీ ఉన్న భుజాన్నే తట్టి దీవించింది.

ఇంటికి నడుస్తుంటే అతనికి దారి కనిపించలేదు. మక్కచేను కనిపించింది. ఆ సాయంత్రం సన్నగా వాన. చేను చివర నల్లగా కదిలిన వీపు. ట్రిగ్గర్ నొక్కగానే, గుండు గాలిలో పోతే వచ్చే చప్పుడు కాదు, ఎముకకు తాకితే వచ్చే చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు వేటగాడి చెవికి తెలియకపోవడం ఉండదు. పరుగెత్తి వెళ్ళి చూస్తే టేకాకు మీద నెత్తురు. చూస్తూండగానే వాన చినుకులు దాన్ని కడిగేస్తున్నాయి. నెత్తురు చారలు లోయలోకి పోయాయి. లోయ నోరు తెరుచుకుని ఉంది. ఒక అడుగు లోపల పెట్టాడు. చలి, చీకటి, బురద. పొదల్లో గాయపడ్డ పంది. అడుగు వెనక్కి తీసుకున్నాడు.

చేనుగలాయన అడిగితే "గురి తప్పింది" అన్నాడు. దారిలో ఉస్తాద్ కొట్టు దగ్గర ఆగినప్పుడు ఆయన అడగకముందే "గురి తప్పింది ఉస్తాద్" అన్నాడు. ఉస్తాద్ చాయ్ పోసి ఇచ్చాడు.

ఆ రాత్రి తల్లి అన్నం పెట్టి, కొడుకు భుజం మీదున్న పట్టీని చూసి చిరాకుపడింది.

"బువ్వ తినేటప్పుడన్న ఆ తోలుముక్క తియ్యరాదురా."

తీద్దామని చెయ్యి పైకి వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఆగింది.

దస్తగీర్ ఉస్తాద్ దగ్గర విద్య నేర్చుకునేవాళ్ళకు ఓ కట్టుబాటు ఉంది. జంతువుకు గాయం చేసి, అది దొరక్కుండా వస్తే, తుపాకీ భుజం మీంచి దించకూడదు. తిన్నా, కూర్చున్నా, ఒరిగినా అది ఒంటిమీదే ఉండాలి. దాన్ని వెతికి, దాని బాధ తీర్చాకే దించాలి. ఎవరి చేతికీ ఇయ్యకూడదు, ఎవరూ అందుకోకూడదు. మొదటి రోజున దర్గా గడప మీద చెయ్యి పెట్టి సారంగపాణి ఆ మాట ఒప్పుకున్నాడు.

ఆ వానపూట మాత్రం ఇంటికొచ్చి, తుపాకీ కొయ్యకు తగిలించి, వేడివేడిగా అన్నం తిని పడుకున్నాడు.

"ఏమైందిరా?" అంది తల్లి.

"ఏం లేదమ్మా."

పట్టీతోనే తిన్నాడు. పట్టీతోనే పడుకున్నాడు. అరచెయ్యంత వెడల్పున్న తోలు, దానికి బరువేముంటుంది? అయినా ఏ పక్కకు తిరిగినా ఎముకలోకి దిగింది. గాలి ఎటు నుంచి కొడుతుందో చెవులు రిక్కించి వింటూ ఎప్పుడో నిద్రలోకి జారాడు.

తెల్లారాక వెళ్ళేసరికి తుపాకీ సిద్ధంగా ఉంది. బూడిదరంగు కుందా ఆ గొట్టానికే పుట్టినట్టు అమరింది. ఉస్తాద్ అందించాడు. సారంగపాణి ఎత్తి చూశాడు. నిజంగానే వెదురుబొంగులా ఉంది.

"ఎట్లున్నది?"

"తేలికున్నది ఉస్తాద్."

"మంచిది. పట్టీ తే, తగిలిస్త."

సారంగపాణి పట్టీ తియ్యలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు.

"ఉస్తాద్, ఆ రోజు గురి తప్పలె."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"గురి తప్పినోడు తుపాకీని తిడ్తడు, గాలిని తిడ్తడు, నేర్పిన నన్ను గూడ తిడ్తడు. నువ్వు ఆ దినం ఎవర్నీ తిట్టలె. చాయ్ మంచిగుందన్నవు."

సారంగపాణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మరి అప్పుడే నన్నెందుకు అడగలేదు?"

ఉస్తాద్ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచి, తుపాకీని శిష్యుడి వీపు వెనక్కి తెచ్చి, పట్టీని అతని భుజం మీంచి తీయకుండానే రెండు చివర్లా కొక్కేలకు తగిలించాడు. మసక కళ్ళు కావడంతో కొక్కెం దొరకడానికి కాసేపు పట్టింది. అంతసేపూ ఆయన వేళ్ళు వీపు మీద తడుముకుంటుంటే సారంగపాణి కదలకుండా నిలబడ్డాడు.

కుందా మారిస్తే గురి మారుతుంది. అది సరిచూసుకోకుండా పోకూడదు. వాగు గట్టుకు ఓ అట్టముక్క పెట్టి కాల్చాడు. పట్టీ భుజానే ఉండడంతో కొంచెం ఇబ్బందే అయింది. మొదటి గుండు చాలా కిందికి పోయింది. ఉస్తాద్ చెప్పినట్టే తుపాకీ గాడిదలా తన్నింది. తుపాకీ మీదున్న దుర్భిణీ మర తిప్పి మళ్ళీ కాల్చాడు, మళ్ళీ తిప్పాడు. అట్ట మధ్యలో బొక్క పడేసరికి భుజం చచ్చుబడిపోయింది.

"ఇక పా," అన్నాడు ఉస్తాద్. కర్ర పట్టుకుని తనూ బయల్దేరాడు. లోయ మొదట్లో ఉన్న బండ దాకా వచ్చి, అక్కడ కూర్చుండిపోయాడు. "నాకు ఇంతే."

సారంగపాణి ఒక్కడే లోపలికి పోయాడు.

మధ్యాహ్నమైనా లోపల ఎండ లేదు. బండల మీద నాచు, కుళ్ళిన ఆకుల వాసన. ఎక్కుతూ జారుతూ చాలా దూరం పోయాక ఈగల రొద వినిపించింది. ఆ రొద వైపు నడిచాడు.

మూలనున్న బురదగుంటలో అది పడుకుని ఉంది. మక్కచేనులో కొండముక్కలా కనిపించిన జంతువు. ఇప్పుడు పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. అలికిడికి ముందుకాళ్ళ మీద లేవబోయింది. లేవలేక కూలబడింది. మళ్ళీ లేవబోయింది. మీదికి రావడానికో, పారిపోవడానికో దానికే తెలిసినట్టు లేదు. చిన్న కన్ను ఒకటి అతని వైపు తిరిగింది. అందులో కోపం కోసం సారంగపాణి వెతికాడు. కోపం ఉంటే బాగుండేది.

"ఆలస్యమైంది," అన్నాడు మెల్లగా. ఎవరితో అన్నాడో అతనికీ తెలియదు.

ఒకటే గుండు. లోయంతా ఉరిమి, నెమ్మదిగా ఊరుకుంది.

ఈగలు ముందు లేచి, తర్వాత మళ్ళీ వాలాయి. అతను టేకాకులు తెంపి తెచ్చి దాని మొహం మీద కప్పాడు. గొయ్యి తవ్వి పూడ్చడానికి అటవీశాఖ వాళ్ళను తీసుకుని రేపు రావాలి. అప్పటిదాకా అలా కళ్ళు తెరిచి ఉంచబుద్ధి కాలేదు. చాలాసేపు పక్కనే కూర్చున్నాడు. దిగడం మొదలుపెట్టేసరికి పొద్దు వాలుతోంది.

ఉస్తాద్ బండ మీద అలాగే ఉన్నాడు. పొగమంచు ఆయన మోకాళ్ళ దాకా వచ్చింది.

"పండుకున్నదా?"

"పండుకున్నది ఉస్తాద్."

ఉస్తాద్ కళ్ళు మూసుకుని, పెదవులు కదిలిస్తూ ఏదో చదువుకున్నాడు. సారంగపాణి ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఒంట్లో సత్తువ లేదు. భుజం మీద చొక్కా కింద కమిలిపోయింది. అయిపోయింది కదా అనుకున్నాడు. పట్టీ కిందికి బొటనవేలు పోనిచ్చి, తుపాకీ దించబోయాడు.

"బేటా," అన్నాడు ఉస్తాద్ కళ్ళు మూసుకునే. "గాయమైంది అదొక్కదానికేనా?"

సారంగపాణి చెయ్యి ఆగిపోయింది.

కింద గూడెంలో పొయ్యిలు వెలిగించినట్టున్నారు. ఇళ్ళ కప్పుల్లోంచి పొగ లేచి మంచులో కలిసిపోతోంది. ఏది ఎవరి ఇల్లో పోల్చుకోవడం కష్టంగా ఉంది. అతను అలా చూస్తూ నిలబడ్డాడు. ఒక ఇల్లు మాత్రం పోల్చుకున్నాడు.

పట్టీని మళ్ళీ భుజం మీదికి సర్దుకుని, తమ ఊరి దారి వదిలి, గూడెం వైపు దిగాడు.